తొలి దుముకు

సుందరకాండము చదివినవారికి మహేంద్రగిరి ఘట్టము జ్ఞాపకముండును. సముద్రమును లంఘింపదలచిన హనుమంతుడు ఉన్నపాటున ఎగిరిపోలేదు. ముందుగా నడుము కుదించెను, కాళ్లు ముడిచెను, మెడను, భుజములను దగ్గరకు తీసికొనెను, ఊపిరి బిగబట్టెను, పాదములతో కొండను గట్టిగా అదిమెను. ఆ అదుముడునకు కొండ కంపించినదనియు, చెట్లు పూలు రాల్చినవనియు, రాళ్లనుండి నీరు స్రవించినదనియు వాల్మీకి వర్ణించెను. చదువరి దీనిని అతిశయోక్తిగా భావించి ముందునకు సాగును. అతిశయోక్తియే కావచ్చును గాని, అందులోని క్రమము మాత్రము శాస్త్రసమ్మతము. ముందు కుదింపు, పిదప అదుముడు, ఆ మీదట ఎగురుట. ఎగిరెడివాని దూరమును నిర్ణయించునది ఆకాశము కాదు. వాని కాలిక్రింద ఉన్న నేల.

ఈ సత్యము నేడు మిక్కిలి స్పష్టముగా కనిపించుచోటు ఈతపోటీల కొలను. కొలను గట్టున వరుసగా దిమ్మెలు ఉండును. వాటిపై ఈతగాండ్రు వంగి నిలుతురు. సంకేతధ్వని వినబడగనే అందరును ఒక్కసారి దూకుదురు. చూచువారి కన్నులు ఆ తరువాత జరుగు చేతుల ఆటను, కాళ్ల తాడనమును, గోడను తాకు వ్రేళ్లను వెంటాడును. దిమ్మెపై గడచిన ఆ ముప్పాతిక సెకండును ఎవరును లెక్కింపరు. దుముకుట ధైర్యమునకు సంబంధించినదనియు, ఈదుట నేర్పునకు సంబంధించినదనియు చాలమంది తలంపు. ఈ తలంపు పొరపాటు. దుముకుట కూడ నేర్పే. పైగా ఈతకంటె ముందుగా లెక్కకు, కొలతకు లొంగిన నేర్పు. ఈ పొరపాటువలన పతకములు పోయిన పోవుగాక, పిల్లల మెడలు విరుగు ప్రమాదమున్నది. అందుచేతనే ఈ విషయము పాఠశాలల దృష్టికి రావలసియున్నది.

మొదట దీని విలువ ఎంతయో చూడదగును. పరిశోధకులు ఆరంభమును దిమ్మె మొదలు 15 మీటర్ల వరకు లెక్కింతురు. ప్రపంచస్థాయి పురుషులు 50 మీటర్ల స్వేచ్ఛా ఈతను 21, 22 సెకండ్లలో ముగింతురు. అందు తొలి 15 మీటర్లకు ఐదున్నర సెకండ్లు అటునిటుగా పట్టును. అనగా పందెములో సుమారు నాలుగవ వంతు. అదే 1500 మీటర్ల పందెమైనచో ఆరంభము నూటికి ఒక వంతు కూడ కాదు. కనుక దూరము తగ్గినకొలది తొలి దుముకు విలువ పెరుగును.

ఇక గెలుపోటముల నడుమ అంతరమెంత? 1972లో మ్యూనిక్ ఒలింపిక్సులో 400 మీటర్ల మిశ్రమ ఈతయందు స్వీడన్ దేశీయుడు గున్నార్ లార్సన్, అమెరికా దేశీయుడు టిమ్ మెక్కీ నూరవ వంతు సెకండు వరకు సమానముగా గోడను తాకిరి. గడియారమును వేయవ వంతు వరకు చదివి, సెకండులో వేయింట రెండు వంతులు ముందున్నాడని లార్సన్‌కు స్వర్ణము నిచ్చిరి. వారి వేగమునుబట్టి ఆ కాలమునకు దూరము కట్టినచో మూడు మిల్లీమీటర్లు. కొలను గోడలను కట్టునపుడు ఒక వరుసకును మరియొక వరుసకును మధ్య అనుమతింపబడు తేడాయే దానికంటె ఎక్కువ! అటుపిమ్మట నూరవ వంతుతో లెక్క ఆపి, అప్పటికిని సమానమైనచో ఇరువురకును పతకమిచ్చుట ఆచారమైనది. 2000లో సిడ్నీలో 50 మీటర్ల స్వేచ్ఛా ఈతయందు ఆంథొనీ ఎర్విన్, గ్యారీ హాల్ ఇద్దరును 21.98 సెకండ్లతో స్వర్ణమును పంచుకొనిరి. 2008లో బీజింగులో 100 మీటర్ల సీతాకోకచిలుక ఈతను మైకేల్ ఫెల్ప్స్ 50.58 సెకండ్లలోను, సెర్బియాకు చెందిన మిలొరాద్ చావిచ్ 50.59 సెకండ్లలోను ముగించిరి. ఇటువంటి పందెములో ఎవడు ఎక్కడ నూరవ వంతు సెకండు పోగొట్టుకొన్నాడో చెప్పుట ఎవరి తరము? గోడవద్ద పోయినదని లోకము అనుకొనవచ్చును. దిమ్మెపై పోయియుండవచ్చును.

దిమ్మెకు గల చరిత్ర పెద్దది కాదు. 1896లో ఏథెన్సులో ఈతపందెములు సముద్రములోను, 1900లో పారిస్‌లో సీన్ నదిలోను జరిగినవి. 1904లో సెయింట్ లూయీలో తెప్పపై నిలిచి సరస్సులోనికి దూకిరి. ఈతగాండ్ర బరువునకు ఆ తెప్పయే మునుగుచుండెనట. త్రొక్కుటకు గట్టి ఆధారము లేనపుడు దుముకు ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. బలములో సగము తెప్పను ముంచుటకే సరిపోవును. ఒలింపిక్సులో దిమ్మెలు 1936లో బెర్లిన్‌లో కనిపించినవి. తొలిరోజులలో ఈతగాండ్రు చేతులను వెనుకనుండి ముందునకు విసరుచు దూకెడివారు. 1960ల చివర దిమ్మె అంచును చేతులతో పట్టుకొని దూకు పద్ధతి ప్రచారమునకు వచ్చెను. 1970లలో పరుగుపందెపు వానివలె ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక నుంచు పద్ధతి వచ్చెను. చివరకు దిమ్మె వెనుకభాగమున వాలుగా ఒక పలకను అమర్చిరి. 2012లో లండన్ ఒలింపిక్సు నాటికి ఇది ఈతగాండ్రందరకును అందుబాటులోనికి వచ్చెను.

ఆ పలకయొక్క మర్మము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అర్థమగునట్టిది. చదునైన నేలపై నిలిచినవాడు ముందునకు పోవలెనన్నచో కాలిని వెనుకకు నెట్టవలెను. ఆ నెట్టుడు నిలుచుటకు పాదమునకును నేలకును నడుమ గల ఒరపిడియే ఆధారము. తడిసిన దిమ్మెపై ఒరపిడిని ఎంతని నమ్మవచ్చును? 30 డిగ్రీల వాలు గల పలక ఉన్నచో ఈ బాధ తగ్గును. దానిపై లంబముగా త్రొక్కిన బలములో సరిగా సగము ఈతగాని ముందునకు త్రోయును. అది ఆ కోణపు సైన్ విలువ. త్రికోణమితి పుస్తకమున ఎండిపోయిన అంకెవలె కనిపించు అర అను విలువ ఇచట ఒక పతకముగా మారుచున్నది. వెనుక మోకాలు లంబకోణమునకు చేరువగా వంగియున్నపుడు ఆ కాలు బాగుగా పనిచేయును. మరీ వంగినను, మరీ చాచినను కండరములకు పట్టు చిక్కదు. ఒకరి కాళ్ల పొడవు ఒకరికి ఉండదు గనుకనే ఆ పలకను ముందు వెనుకలకు జరుపుకొను వీలు కల్పించిరి.

న్యూటను చెప్పిన చర్య, ప్రతిచర్యలను పిల్లలు వల్లె వేయుదురు. దానిని ఇచట లెక్కకట్టి చూపవచ్చును. 60 కిలోల బరువు గల ఈతగాడు దిమ్మెను విడుచునపుడు సెకండుకు నాలుగున్నర మీటర్ల వేగముతో ముందునకు పోవుచున్నాడని భావింపవలెను. మేటి ఈతగాండ్ర వేగము ఈ ప్రాంతమున ఉండును. వాడు సంపాదించిన ద్రవ్యవేగము 270. సంకేతము విన్నది మొదలు పాదము విడుచువరకు పట్టిన కాలము 0.7 సెకండు. అందులో ధ్వని చెవిని చేరి, మెదడునుండి కండరములకు ఆజ్ఞ వెళ్లుటకు 0.2 సెకండు పోయినదనుకొన్నచో, త్రొక్కుటకు మిగిలినది అర సెకండు. 270ని అర సెకండుతో భాగింపగా 540 న్యూటన్లు. అనగా ఆ అర సెకండు పొడుగునను వాడు రమారమి తన శరీరపు బరువంత బలముతో తన్ను తాను ముందునకు నెట్టుకొనుచున్నాడు. నిలుచుండుటకు, వంగుటకు, పైకి లేచుటకు కావలసిన బలము దీనికి అదనము. దీనిని ధైర్యమనుట చాలదు. ఇది కాళ్ల బలము, దాని దిశ, దానికి పట్టిన కాలము. ఈ మూటి పొందిక.

దీనిలోనే ఒక చిక్కు కూడ కలదు. ఎక్కువసేపు త్రొక్కినచో ఎక్కువ వేగము వచ్చును. కాని అంతసేపును పందెము నడచుచునే యుండును. దిమ్మెపై పదవ వంతు సెకండు అదనముగా నిలిచినవాడు, సెకండుకు రెండు మీటర్ల వేగముతో ఈదు ప్రత్యర్థికి ఇరువది సెంటీమీటర్లు దానమిచ్చినట్లే. ఆ దానమును వడ్డీతో తిరిగి రాబట్టు వేగము కాళ్లలో నుండినపుడే ఆలస్యము చెల్లును. తొందరపడి జారిపోవువాడును, తీరికగా నొక్కుచు కూర్చుండువాడును ఇరువురును నష్టపోవుదురు.

ఇచట ఒక సామాన్యమైన అపోహను తొలగింపవలసియున్నది. ప్రసారములలో ఈతగాండ్ర పేర్ల ప్రక్కన 0.65 అనియో, 0.70 అనియో అంకెలు చూపి, వాటిని ప్రతిస్పందన కాలమని వ్యవహరింతురు. అది విని, పరుగుపందెపు వీరునికి 0.15 సెకండు చాలుచుండగా ఈతగాడు ఇంత మందమతియా అని పిల్లలు ఆశ్చర్యపడుదురు. పరుగుపందెములో కొలచునది పాదము త్రొక్కుట మొదలిడిన క్షణము. ఈతలో కొలచునది పాదము దిమ్మెను విడిచిన క్షణము. ఒకటి పని ఆరంభము, రెండవది పని ముగింపు. ఒకే పేరు పెట్టి రెండు వేర్వేరు వస్తువులను పోల్చుటవలన కలిగిన భ్రాంతి ఇది. పదమును సరిగా వాడనిచోట భావము చెడునని భాషోపాధ్యాయులు చెప్పు మాట విజ్ఞానమునకును వర్తించును.

పాదము దిమ్మెను విడిచిన పిమ్మట ఈతగాని అధికారము చాలవరకు తీరిపోవును. వింటిని విడిచిన బాణమువలె వాని గరిమనాభి తన దారిని తాను పోవును. చేతులు ఊపినను, కాళ్లు ఆడించినను ఆ దారి మారదు. శరీరము తిరుగు తీరు మాత్రమే మారును. గాలిలో ఉండునది సెకండులో సుమారు మూడవ వంతు. గోడకు ఇంచుమించు మూడు మీటర్ల దూరమున వ్రేళ్లు నీటిని తాకును. వ్రేళ్లు చేసిన రంధ్రము గుండనే తల, నడుము, కాళ్లు వరుసగా దిగవలెను. నీరు గాలికంటె దాదాపు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది. అందు పొట్టతో పడినవాడు తాను కష్టపడి సంపాదించిన వేగమునంతయు ఒక్క దెబ్బతో చప్పుడుగా మార్చుకొనును.

నీటిలోనికి దిగిన తరువాతనే అసలు ధనము ఖర్చగును. దిగునపుడు ఈతగాని మొత్తము వేగము సెకండుకు ఆరు మీటర్ల వరకు ఉండవచ్చును. చేతులతో ఈదునపుడు మేటి వారికైనను రెండు మీటర్లకు కొంచెము పైన మాత్రమే. కనుక ఆ అరువు వేగమును ఎంతసేపు నిలుపుకొనిన అంత లాభము. నీటి నిరోధము వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. వేగము రెట్టింపైనచో నిరోధము ఇంచుమించు నాలుగింతలు. అందుచేత చేతికి చేయి జోడించి, భుజములనడుమ తలను దాచి, శరీరమును బాణముగా చేయువాడు నిలుచును. నీటి పైపొరకు మరీ చేరువగా పోవువాడు అలలను లేపుటకు బలమును వ్యర్థము చేయును. మరీ లోతునకు పోవువాడు పైకి వచ్చుటకు కాలము వ్యర్థము చేయును. సుమారు ఒక మీటరు లోతు అనుకూలమని కొలతలు తెలుపుచున్నవి. కాళ్ల తాడనమును వేగము ఈతవేగమునకు దిగివచ్చు సమయమున ఆరంభింపవలెను. అంతకు ముందే ఆరంభించినచో ఆ కదలికయే నిరోధమగును.

నీటి అడుగున ప్రయాణము ఇంత లాభకరమైనపుడు పైకి రానేల అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నను అమెరికా దేశీయుడైన డేవిడ్ బెర్కాఫ్ 1988లో సియోల్‌లో ఆచరణలో వేసెను. వెల్లకిల ఈతలో తొలి 50 మీటర్లలో సగమునకు పైగా నీటి అడుగుననే సాగెను. ప్రాథమిక పందెములో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. తుది పందెములో మాత్రము అదే విద్యను అభ్యసించిన జపాను దేశీయుడు దాయిచి సుజుకి గెలిచెను. అటుతరువాత పాలకులు అడుగు ప్రయాణమునకు హద్దు ఏర్పరచిరి. నేడు స్వేచ్ఛా, వెల్లకిల, సీతాకోకచిలుక ఈతలలో 15 మీటర్లలోపల తల నీటిపైకి రావలెను. ఈతపోటీ దుముకుపోటీగా మారరాదను ఈ హద్దు న్యాయమైనది. కాని ఆ 15 మీటర్లలో ఎవడెంత నేర్పు చూపునో అది వాని సొత్తు.

దుముకునకు ముందు నిశ్చలముగా నిలుచుట కూడ నేర్పులోని భాగమే. ఇప్పటి నియమము ప్రకారము సంకేతమునకు ముందు బయలుదేరినవానికి రెండవ అవకాశము లేదు. 2004లో ఆస్ట్రేలియా ఎంపిక పోటీలలో 400 మీటర్ల స్వేచ్ఛా ఈతలో ప్రపంచ రికార్డు తన పేరనే గల ఇయాన్ థోర్ప్ తూలి సంకేతమునకు ముందే నీటిలో పడెను, అనర్హుడయ్యెను. క్రెయిగ్ స్టీవెన్స్ అను సహచరుడు తన స్థానమును వదలుకొనగా థోర్ప్ ఏథెన్సుకు వెళ్లి స్వర్ణము గెలిచెను. స్టీవెన్స్ త్యాగమును లోకము మెచ్చుకొన్నది. కాని అంతటి వీరుని భవిష్యత్తు పరుని ఔదార్యముపై ఆధారపడునట్లు చేసినది ఒక్క తూలుపాటు. 2000లో సిడ్నీలో దీనికి ఎదురైన దృశ్యము కనబడెను. ఈక్వటోరియల్ గినీకి చెందిన ఎరిక్ ముస్సాంబాని 50 మీటర్ల కొలనును అంతకుముందు చూచినవాడు కాడు. అతనితోడి ఇద్దరును ముందుగా దూకి అనర్హులు కాగా, అతడొక్కడే 100 మీటర్లు ఈదెను. 1 నిమిషము 52.72 సెకండ్లు పట్టినను కొలను అంతయు లేచి చప్పట్లు కొట్టెను. నిలువవలసినంతసేపు నిలిచినందులకే అతనికి ఈదు భాగ్యము కలిగెను.

ఇవియన్నియు ఒలింపిక్సు ముచ్చటలు, కొలనులే లేని పాఠశాలలకు వీటితో పనియేమి అని కొందరు అనవచ్చును. ఆక్షేపణ సహేతుకమే. కాని నీరు లేని ఊరు తెలుగుదేశమున ఎచట నున్నది? వేసవి సెలవులు వచ్చినచో బావిగట్టుల మీదను, కాలువ లాకుల మీదను పిల్లలు కోతిమూకవలె చేరుదురు. నడుమునకు బెండ్లు కట్టించి ఈత నేర్పు పెద్దలు నాడు కలరు, నేడును అక్కడక్కడ కలరు. ఆ పెద్దలు ఈత నేర్పిరి గాని దుముకుట నేర్పలేదు. దుముకుటను పిల్లలు ఒకరిని చూచి ఒకరు నేర్చుకొనిరి. ‘ఈతకు మించిన లోతు లేదు’ అను సామెత ఈత వచ్చినవానికి అభయమిచ్చుచున్నది. ఆ సామెత దూకువానికి వర్తింపదు. ఈదువానికి లోతు వలన భయము. దూకువానికి లోతు లేమి వలన భయము.

దీనికి కూడ లెక్క కలదు. దిమ్మెను నీటిమట్టమునకు అర మీటరునుండి ముప్పాతిక మీటరు ఎత్తున నిలుపవలెనని నియమము. ముప్పాతిక మీటరు ఎత్తునుండి పడిన వస్తువు సెకండుకు దాదాపు నాలుగు మీటర్ల వేగముతో క్రిందికి దిగును. నీరు నిలువరింపకున్నచో 1.35 మీటర్ల లోతును అది మూడవ వంతు సెకండులో దాటును. దిమ్మెలున్నచోట గోడకు ఒక మీటరునుండి ఆరు మీటర్ల వరకు కనీసము 1.35 మీటర్ల లోతు ఉండవలెనని అంతర్జాతీయ నియమావళి చెప్పుటకు కారణమిదియే. అదియును దుముకుట నేర్చినవారికి ఉద్దేశింపబడిన కనీసపు లోతు. నేర్వని బాలుడు నిలువుగా తలక్రిందులుగ దిగినచో ఆ లోతు చాలదు. తల అడుగును తాకిన క్షణమున వెనుకనుండి వచ్చు శరీరపు బరువంతయు మెడ ఎముకలపై పడును. వెన్నుపాము తెగినచో ఆ బాలుడు మరల లేచి నడువలేడు. పతకము పోయినచో మరునాడు పందెము కలదు. ఈ నష్టమునకు మరునాడు లేదు.

కాబట్టి మొదట నీరు, ఆ తరువాత గట్టు, చిట్టచివర దిమ్మె అను క్రమమును ఉపాధ్యాయులు పాటింపవలెను. బాలుడు మొదట నీటిలోనే గోడను కాళ్లతో తన్ని బాణమువలె జారుట నేర్వవలెను. పిదప లోతైనచోట గట్టుపై కూర్చుండి, తరువాత మోకాలిపై నిలిచి, తరువాత వంగి నిలిచి నీటిలోనికి జారవలెను. చేతులు తలకు ముందుండుట అలవాటైన పిమ్మటనే దిమ్మె ఎక్కవలెను. కొలను లోతులేని కొసన దిమ్మె ఉన్నచో దానిపైకి పిల్లలను ఎక్కింపక పోవుటయే విద్య. బావులు, కాలువలయందైనచో తెలిసిన పెద్దవాడు ముందుగా దిగి అడుగున రాళ్లు, మోడులు లేవని చూచిన పిమ్మటగాని ఎవరును తలక్రిందుగా దూకరాదు.

కొలను లేని పాఠశాలకు ఇసుకనేల ఉండకపోదు. సుద్దతో గీత గీచి, నిలిచినచోటనుండి పిల్లలను దూకించి, దూరము కొలిపింపవచ్చును. పాదములు జోడించి దూకినపుడెంత, ఒక కాలు వెనుక నుంచి దూకినపుడెంత, వెనుక కాలికి వాలుబల్ల ఆనికగా నుంచినపుడెంత అని పట్టిక వ్రాయింపవచ్చును. వ్యాయామోపాధ్యాయుడు, భౌతికశాస్త్రోపాధ్యాయుడు, లెక్కల మాష్టరు ముగ్గురును ఒక్క సాయంకాలము ఒకచోట చేరినచో ఈ పాఠము పూర్తియగును. తెలుగు పండితుడు కూడ వచ్చి మహేంద్రగిరి ఘట్టమును చదివి వినిపించినచో మరింత శోభిల్లును. ఆనాడు పిల్లలు ఆ వర్ణనలోని నడుము కుదింపును, కాళ్ల ముడుపును, కొండ అదుముడును తమ కాళ్లతో అర్థము చేసికొందురు.

పుట్టుకతోనే వీరులు పుట్టుదురను మాట వినుటకు ఇంపుగా నుండును. బోధించువాని భారమును కూడ తగ్గించును. కాని దిమ్మెపై పాదము ఎచట ఉంచవలెనో ఎవరికిని పుట్టుకతో తెలియదు. అది ఒకరు చెప్పగా, చూపగా, దిద్దగా వచ్చునది. బాలుడు దూకుటకు ముందు వానిప్రక్కన నిలిచి నీటి లోతు చూచువాడు ఒకడు ఉండవలెను. ఆ ఒకడు ఉపాధ్యాయుడు కాక మరెవరు?